క్రోకే ఆడదాం రండి!

బలం అక్కర్లేదు... వయసు అడ్డురాదు... చీర కట్టుకునైనా ఆడొచ్చు!

"ఆటలు ఎవరివి?" అని అడిగితే మన ఇళ్ళల్లో ఠక్కున వచ్చే జవాబు "పిల్లలవి" అని. ఇంకాస్త నిజం చెప్పుకోవాలంటే మగపిల్లలవి. ఆడపిల్లకి తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు, మహా అయితే బడిలో టెన్నికాయిట్. అంతవరకే. పన్నెండో పదమూడో ఏడు వచ్చిందంటే చాలు, "ఎదిగిన పిల్లవి, ఆ గెంతులేమిటే!" అన్న మాట ఇంట్లో ఏదో ఒక మూలనుంచి వినపడుతుంది. ఆ తరవాత ఆమెకి మిగిలేది చూసే ఆటే. తమ్ముడి క్రికెట్టు, మావారి టీవీ మ్యాచి, పిల్లాడి స్కూల్లో స్పోర్ట్స్ డే... అన్నిటికీ ఆమె ప్రేక్షకురాలే. మంచినీళ్ళ సీసా పట్టుకుని గట్టు మీద కూర్చునే మనిషి!

"ఆడొద్దని ఎవరన్నారు?" అని మగవాళ్ళు అడగొచ్చు. ఎవరూ అనరు. కానీ పరుగెత్తాలంటే మోకాళ్ళు, షటిల్ ఆడాలంటే జోడీ, ఈతకి వెళ్ళాలంటే బట్టలు, దేనికైనా సరే టైము... ఇన్ని అడ్డాలు దాటుకుని వెళ్ళేసరికి "ఈ వయసులో ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తాం లెద్దూ" అని మనమే వెనక్కి తగ్గుతాం.

ఇన్ని అడ్డాల్లో చాలావాటిని పక్కకి నెట్టేసే ఆట ఒకటుంది. దాని పేరు క్రోకే. అందులోనూ కొత్తవాళ్ళకీ, బడి పిల్లలకీ నేర్పడానికి వీలుగా తేలిక చేసిన పద్ధతి ఒకటుంది. పదేళ్ళ పిల్లా, అరవై దాటిన అమ్మమ్మా ఒకే మైదానంలో, ఒకే నియమాలతో, సరిసమానంగా ఆడగలిగిన ఆట అది. ఒక ఉదయం చాలు నేర్చుకోవడానికి.

ఇంతకీ ఏమిటీ ఆట?

పచ్చిక మీద చిన్న చిన్న ఇనుప కమ్మీలు ద్వారబంధాల్లా పాతి ఉంటాయి. వాటిని హూప్ అంటారు. పొడుగాటి కర్రకి కొయ్య సుత్తి బిగించినట్టుండే మేలెట్‌తో బంతిని కొట్టి, ఆ హూప్‌ల గుండా ఒకదాని తరవాత ఒకటిగా దాటించాలి. అంతే క్రోకే.

మన క్యారమ్స్‌నీ, గోలీలాటనీ కలిపి నిలబడి ఆడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గోలీలాటలో ఎదుటివాడి గోలీని దూరంగా కొట్టేస్తాం కదా, ఇక్కడా అంతే. క్యారమ్స్‌లో కాయిన్ పాకెట్‌లో పడకుండా అడ్డం పెడతాం కదా, అదీ ఇక్కడ ఉంది. కాబట్టి ఆట పేరు కొత్తదే కానీ, అందులోని జిత్తులన్నీ మనకి చిన్నప్పటినుంచీ తెలిసినవే.

క్లబ్బుల్లో ఉండే పూర్తి మైదానం 35 గజాల పొడవు, 28 గజాల వెడల్పు. అందులో ఆరు హూప్‌లు. నాలుగు మూలలకి దగ్గరగా నాలుగు, మధ్య వరుసలో రెండు. సరిగ్గా నడిమధ్యన ఒక గుంజ. బంతి దాదాపు మూడున్నర అంగుళాల పైచిలుకు లావు, బరువు ఒక పౌను. అంటే మన లెక్కన అరకిలోకి కాస్త తక్కువ. పెద్ద పోటీల్లో హూప్‌కీ బంతికీ మధ్య సందు చాలా కొద్దిగానే ఉంటుంది. చూడ్డానికి ఎంత నాజూకైన ఆటో, లోపల అంత గట్టిది.

తేలిక ఎందుకు చెయ్యాల్సి వచ్చింది?

ఇది అర్థం కావాలంటే అసలు క్రోకే ఎలా ఆడతారో రెండు ముక్కలు చెప్పుకోవాలి. అందులో మీ బంతి వెళ్ళి ఇంకో బంతికి తగిలితే మీకు అదనంగా రెండు దెబ్బలు వస్తాయి. ముందు మీ బంతిని ఆ బంతికి ఆనించి పెట్టి, రెండూ కదిలేలా కొట్టాలి. తరవాత మరో దెబ్బ. హూప్ దాటితే ఇంకో దెబ్బ. చెయ్యి తిరిగిన ఆటగాళ్ళు ఇలా దెబ్బమీద దెబ్బ సంపాదించుకుంటూ, ఒకే వంతులో హూప్ తరవాత హూప్ దాటుకుంటూ పోతారు. అంతసేపూ అవతలి మనిషి కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండాల్సిందే!

పెద్దవాళ్ళు ఆ ఎత్తులూ పైఎత్తులూ చూసి ఆనందిస్తారేమో కానీ, పిల్లలు కూర్చుంటారా? ఐదు నిమిషాలు చూస్తారు. ఆరో నిమిషంలో గడ్డి పీకుతుంటారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు "మనవల్ల కాదులే" అనుకుని టీ కప్పులు కడగడానికి లేస్తారు. ఆటలో కష్టం బంతిని కొట్టడంలో లేదు. కూర్చోవడంలో ఉంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే గోల్ఫ్ క్రోకే. పేరు చూసి భయపడకండి, గోల్ఫ్ క్లబ్బులకీ దీనికీ సంబంధం లేదు. ఇందులో నియమం ఒక్కటే: ఒక వంతుకి ఒక దెబ్బ. కొట్టారా, పక్కకి తప్పుకున్నారా. తరవాత అవతలివాళ్ళు. మళ్ళీ మీ జట్టు. అందరూ ఒకే హూప్ కోసం పోటీ పడతారు. ఎవరి బంతి ముందుగా దాటితే ఆ జట్టుకి ఒక పాయింటు. వెంటనే అందరూ రెండో హూప్ దగ్గరికి పరుగు. వెనకబడిపోయామన్న బాధ ఎవరికీ ఉండదు. ఎందుకంటే ప్రతి హూప్ దగ్గరా ఆట మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

నేను చూసిన పాఠం

మా అమ్మాయి కాపురం దక్షిణ ఇంగ్లండులో ఓ చిన్న ఊళ్ళో. వేసవి సెలవుల్లో మనవరాలిని కనిపెట్టుకుని ఉండటానికి వెళ్ళాను. వాళ్ళింటికి నాలుగు వీధుల అవతల ఓ క్రోకే క్లబ్బు. సెలవుల్లో పిల్లలకీ, కొత్తవాళ్ళకీ ఉచితంగా నేర్పుతామంటే పాపని తీసుకెళ్ళాను. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. మడమలేని చదును అడుగు చెప్పులో బూట్లో వేసుకోవాలి, పచ్చిక గుంటలు పడకుండా. అంతకుమించి బట్టల ఊసే లేదు.

నేర్పే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. తెల్లని జుట్టు, వంగని నడుము. పదిమంది పిల్లలు చుట్టూ చేరారు. నేను ఆమె నియమాల గురించి ఓ అరగంట ఉపన్యాసం ఇస్తుందనుకున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు! అందరి చేతికీ మేలెట్లు ఇచ్చింది. "ఎదురుగా ఉన్న మీ స్నేహితుడి బంతికి తగిలేలా కొట్టండి" అంది. అంతే పాఠం మొదలయింది.

నేను గట్టున కుర్చీలో కూర్చున్నాను. కాసేపయ్యాక ఆవిడ నావైపు చూసి, "మీరెందుకు కూర్చున్నారు? ఒక బంతి ఖాళీగా ఉంది" అంది. "నేనా? చీర కట్టుకున్నాను" అన్నాను. ఆవిడ నవ్వి, "ఈ ఆట మొదలయినప్పుడు ఆడవాళ్ళు నేలమీద జీరాడే గౌనులు వేసుకుని ఆడారు. మీ చీర వాటికంటే నయం" అంది. మనవరాలు అప్పటికే చెయ్యి పట్టుకుని లాగుతోంది, "అమ్మమ్మా, రా అమ్మమ్మా!" అని.

ఆవిడ నాకు చూపించింది పక్కవాటు పద్ధతి. మామూలుగా చాలామంది కాళ్ళు ఎడంగా పెట్టి, మేలెట్‌ని రెండు కాళ్ళ మధ్యనుంచి ఊపుతారు. చీరకి అది కుదరదు. మేలెట్‌ని కుడికాలి పక్కన పట్టుకుని ఊపితే కుచ్చెళ్ళు అడ్డురావు. కొంగు మాత్రం నడుముకి దోపుకోవాలి. ఈ పద్ధతి ఆటంత పాతది, నియమాలకి లోబడినదే.

ఇంకో కిటుకు కూడా ఆ రోజే తెలిసింది. మేలెట్ బరువు సుమారు మూడు పౌన్లు. దాన్ని మనం బలవంతాన తోయకూడదు. వెనక్కి తీసుకెళ్ళి వదిలితే దాని బరువే బంతిని కొడుతుంది. ఇది వినగానే నాకు రోకలి గుర్తొచ్చింది. దంచేటప్పుడు మనం రోకలిని ఎత్తుతామే కానీ కిందికి నొక్కం కదా! రోకలి బరువే దంచుతుంది. పిండి దంచిన చేతులకి మేలెట్ పట్టడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

ఆడవాళ్ళకి తలుపు తెరిచిన ఆట

ఇంటికొచ్చాక ఈ ఆట చరిత్ర గురించి వెతికి చదివాను. ఆశ్చర్యమేసింది. 1850ల్లో ఐర్లండు నుంచి ఇంగ్లండుకి చేరిన ఈ ఆట, 1860ల కల్లా అక్కడ పెద్ద మోజయిపోయింది. కారణం ఏమిటంటారా? ఆరుబయట ఆడా మగా కలిసి, సమానంగా ఆడగలిగిన ఆటలు అప్పట్లో ఆ దేశంలో దాదాపు లేవు. పెద్దింటి ఆడపిల్లలు కుట్టుపనీ, పియానో తప్ప ఎరగని రోజుల్లో క్రోకే వాళ్ళని తోటలోకి తీసుకొచ్చింది. పొడుగు గౌను కింద బంతిని దాచేసి, కాలితో జరిపేస్తున్నారని అప్పటి మగవాళ్ళు హాస్యాలాడేవారట. ఓడిపోయినవాళ్ళు ఏదో ఒకటి అనాలిగా మరి!

1865లో వచ్చిన "ఆలిస్ ఇన్ వండర్‌లాండ్" చదివినవాళ్ళకి రాణిగారి క్రోకే ఆట గుర్తుండే ఉంటుంది. అందులో ఫ్లెమింగో పక్షులు మేలెట్లు, ముళ్ళపందులు బంతులు, వంగున్న సైనికులు హూప్‌లు. పిల్లల పుస్తకంలోకి ఎక్కిందంటే ఆ రోజుల్లో ఆట ఎంత ఇంటింటి సంగతో ఊహించుకోవచ్చు.

మనమంతా టెన్నిస్ అనగానే తలుచుకునే వింబుల్డన్ క్లబ్బు ఉంది చూశారూ, 1868లో అది పుట్టింది క్రోకే క్లబ్బుగానే! టెన్నిస్ తరవాత వచ్చి చేరింది. 1877లో మొదటి టెన్నిస్ పోటీ జరిగింది. టెన్నిస్ మోజు పెరిగి 1882లో క్లబ్బు పేరులోంచి క్రోకేని తీసేశారు. పాత ప్రేమ పోలేదేమో, 1899లో మళ్ళీ చేర్చారు. ఇవాళ్టికీ ఆ క్లబ్బు పేరులో క్రోకే ఉంది.

ఒలింపిక్స్‌లో స్త్రీలు మొట్టమొదటిసారి పాల్గొన్నది 1900లో, పారిస్‌లో. అప్పుడు వాళ్ళని రానిచ్చిన కొద్దిపాటి ఆటల్లో క్రోకే ఒకటి. ముగ్గురు ఫ్రెంచి వనితలు మగవాళ్ళతో పాటు పోటీకి దిగారు. టికెట్టు కొనుక్కుని చూడ్డానికి వచ్చింది ఒకే ఒక్క మనిషని చెబుతారు. చూసేవాళ్ళు లేకపోతేనేం, ఆడినవాళ్ళు ఉన్నారు!

1905లో ఇంగ్లండులో లిల్లీ గోవర్ అనే ఆవిడ ఆడా మగా కలిసి ఆడే ఓపెన్ చాంపియన్‌షిప్‌లో అందరినీ ఓడించి గెలిచింది. ఆ తరవాత డొరొతీ స్టీల్ అదే పోటీని నాలుగుసార్లు గెలిచింది. 1925, 1933, 1935, 1936ల్లో. "ఆడవాళ్ళలో మొదటిది" అన్న తోక తగిలించకుండా, మొత్తానికే మొదటిదిగా నిలబడటానికి చోటిచ్చిన ఆటలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఇక గోల్ఫ్ క్రోకే సంగతి చెప్పాలంటే, దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళింది ఈజిప్టువాళ్ళు. కైరో క్లబ్బుల్లో అది కుటుంబాలన్నీ ఆడే ఆట. 1996లో మొదలయిన ప్రపంచ పోటీల్లో మొదట్లో వాళ్ళదే పైచెయ్యి. 2005లో మహిళల ప్రపంచ పోటీ కూడా కైరోలోనే జరిగింది. పిల్లల కోసమనీ, కొత్తవాళ్ళ కోసమనీ తక్కువగా చూసిన ఆటే ప్రపంచ స్థాయికి ఎదిగింది. తేలిక చేయడమంటే చులకన చేయడం కాదని ఇంతకంటే రుజువేం కావాలి?

జపాన్ పిల్లల కోసం పుట్టి... బామ్మలకి చేరి...

ఇలాంటిదే ఇంకో కథ జపానులో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. దేశం చితికిపోయి ఉంది. రబ్బరు దొరకదు కనుక పిల్లలు ఆడుకోవడానికి బంతుల్లేవు. 1947లో ఉత్తరాన హొక్కయిదో దీవిలో సుజుకీ కజునోబు అనే ఆయన ఆలోచించాడు. కొయ్యకి మాత్రం కొదవలేదు కదా! క్రోకేని చూసి, దాన్ని ఇంకా తేలిక చేసి, కొయ్య బంతులూ కొయ్య సుత్తులతో పిల్లల కోసం ఒక ఆట తయారుచేశాడు. దాని పేరు గేట్‌బాల్.

ఇందులో హూప్‌లు మూడే. వాటిని గేట్లంటారు. మధ్యలో ఒక గుంజ. జట్టుకి ఐదుగురు. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు బంతి. బేసి నంబర్లు ఎరుపు, సరి నంబర్లు తెలుపు. ఆట సరిగ్గా అరగంట. వంతు వచ్చాక పది సెకన్లలో కొట్టెయ్యాలి. బంతి వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లయితే గేటు వెడల్పు 22 సెంటీమీటర్లు. అంటే కొత్తవాళ్ళ బంతి కూడా దూరిపోతుంది.

తరవాత దీన్ని మహిళా సంఘాలవాళ్ళూ, వృద్ధులూ అందిపుచ్చుకున్నారు. జపానులో ఎందరో తాతలూ బామ్మలూ పొద్దున్నే టోపీలు పెట్టుకుని బయల్దేరారు. కొరియా, చైనా, తైవాన్‌లకీ, జపానువాళ్ళు వలసవెళ్ళిన బ్రెజిల్‌కీ పాకింది. 1985లో ప్రపంచ గేట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. పచ్చిక లేకపోయినా, చదునైన మట్టి నేల మీద కూడా ఈ ఆట ఆడతారు. మన ఊళ్ళ విషయంలో ఇది గుర్తుపెట్టుకోవలసిన మాట.

మన బడిలో, మన వాకిట్లో ఎలా?

ఇంగ్లండు పచ్చిక మనకెక్కడిదండీ అంటారేమో. పచ్చికే కావాలని ఎవరన్నారు? కళ్ళాపి చల్లి గట్టిపడిన వాకిలి చాలు. బడి ఆవరణలో ఒక మూల చాలు. అపార్టుమెంటు వెనక కార్లు పెట్టని జాగా చాలు. రాళ్ళు ఏరి, గుంటలు పూడ్చి, నీళ్ళు చల్లి చదును చేసుకోండి. పది గజాల పొడవు, ఎనిమిది గజాల వెడల్పు ఉంటే పిల్లలకి హాయిగా సరిపోతుంది.

హూప్‌లు: మందపాటి ఇనుప కమ్మీని తలకిందుల "యు" ఆకారంలో వంచమంటే వెల్డింగు షాపులో వంచి ఇస్తారు. భూమిలో జానెడు దిగాలి, పైన అడుగు ఎత్తు ఉండాలి. వెడల్పు బంతికి రెండింతలు పెట్టుకోండి మొదట్లో. చెయ్యి తిరిగాక తగ్గించుకోవచ్చు. కమ్మీ లేకపోతే రెండు ఇటుకలు నిలబెట్టినా హూపే.

మేలెట్లు: వడ్రంగి చేత జానెడు పొడవున్న గుండ్రని కొయ్య ముక్కకి కర్ర బిగించమనండి. పెద్దవాళ్ళకి కర్ర మూడడుగులు, పిల్లలకి వాళ్ళ నడుము ఎత్తు. పిల్లల మేలెట్ తేలిగ్గా ఉండాలి. నెలకోసారి కర్ర ఊడిపోకుండా బిగువు చూసుకోండి.

బంతులు: నాలుగు చాలు. కొయ్యవి దొరికితే మంచిది, లేదా గట్టి రబ్బరు బంతులు. నీలం, ఎరుపు, నలుపు, పసుపు రంగులు వేయించండి.

ఇక ఆట. నీలం, నలుపు ఒక జట్టు. ఎరుపు, పసుపు ఇంకో జట్టు. వంతులు ఎప్పుడూ ఇదే వరసలో: నీలం, ఎరుపు, నలుపు, పసుపు. నలుగురుంటే మనిషికో బంతి. ఇద్దరే ఉంటే మనిషికి రెండు. పూర్తి ఆటలో 13 పాయింట్లు, ముందుగా 7 తెచ్చుకున్నవాళ్ళదే గెలుపు. పిల్లలకి 7 పాయింట్ల ఆట పెట్టండి, ముందుగా 4 తెచ్చుకున్నవాళ్ళు గెలిచినట్టు.

మీ వంతు వచ్చినప్పుడు నాలుగు పనుల్లో ఏదో ఒకటి చెయ్యొచ్చు. హూప్ దాటించొచ్చు. అంత దగ్గర లేకపోతే హూప్ ఎదురుగా వెళ్ళి కాచుకోవచ్చు. అవతలి జట్టు బంతిని దూరంగా కొట్టెయ్యొచ్చు. లేదా వాళ్ళ దారికి అడ్డంగా మీ బంతిని పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త! మీరు కొట్టిన దెబ్బకి ఎదుటి జట్టు బంతే హూప్ దాటితే పాయింటు వాళ్ళదే. ఇలా జరిగినప్పుడు పిల్లల కేకలు వినాలి!

బంతి పూర్తిగా దాటిందా లేదా అన్న తగువు తప్పకుండా వస్తుంది. స్కేలు తీసుకుని, బంతి వచ్చిన వైపు హూప్ కమ్మీలకి ఆనించి చూడండి. బంతి తగలకపోతే దాటినట్టే. పిల్లలకి ఈ కొలత ఆటకంటే ఎక్కువ ఇష్టం.

పిల్లలకి నేర్పే వరస

ఇంగ్లండులో ఆవిడ చేసిన పద్ధతినే నేనిక్కడ చెబుతున్నాను. టీచరమ్మలకి ఉపయోగపడుతుంది.

మొదట నియమాలు చెప్పకండి. మూడు బారల దూరంలో ఒక బంతి పెట్టి, దానికి తగిలేలా కొట్టమనండి. చూపు బంతి మీదే ఉండాలి, తల ఎత్తకూడదు. బంతిని నెట్టకూడదు, కొట్టాలి.

తరవాత ఒక్క హూప్ పాతండి. ఒక అడుగు దూరంనుంచి దాటించాలి. దాటితే రెండడుగులు. తరవాత మూడు. ఎవరు ఎంత దూరం వెళ్ళగలరో వాళ్ళే చూసుకుంటారు.

ఆ తరవాత ఇద్దరిద్దరికి ఒక్క హూప్. చెరో బంతి. వంతుకో దెబ్బ. ఎదుటి బంతిని కొట్టొచ్చని అప్పుడు చెప్పండి. అక్కడినుంచి ఆట దానంతటదే వస్తుంది. చివరికి మూడు హూప్‌లు, నాలుగు బంతులు. మిగతా నియమాలు మరో రోజు.

మొదటి నిమిషంలోనే చెప్పాల్సింది ఒక్కటే: మేలెట్ మోకాలు దాటి పైకి లేవకూడదు, కొట్టేవాళ్ళకి రెండు బారల లోపల ఎవరూ నిలబడకూడదు. చిన్నపిల్లలతో ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఒక జట్టులో బాగా ఆడేవాళ్ళూ, ఇంకో జట్టులో కొత్తవాళ్ళూ ఉంటే? కొత్తవాళ్ళకి రెండో మూడో అదనపు దెబ్బలు ఇవ్వండి. ఆట మధ్యలో తమకి అవసరమనిపించినప్పుడు వాడుకుంటారు. ఇది నేను కల్పించింది కాదు, క్రోకే క్లబ్బుల్లో ఉన్న పద్ధతే. దీనివల్లే అనుభవం ఉన్న తండ్రీ, ఆరో తరగతి కూతురూ నిజంగా పోటీపడి ఆడగలుగుతారు. తండ్రి జాలిపడి ఓడిపోవలసిన పని లేదు. పిల్లలకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఇంకొక మంచి అలవాటు. మామూలు ఆటల్లో అంపైరు ఉండడు. తన దెబ్బ తప్పయితే ఆడినవాళ్ళే చెప్పాలి. మేలెట్ రెండుసార్లు తగిలిందనుకోండి, "నాది తప్పు" అని తనే అనాలి. ఎవరూ చూడకపోయినా సరే. నీతి పాఠం చెప్పకుండానే పిల్లలు నేర్చుకునే పాఠం ఇది.

గట్టు మీదనుంచి లేవండి!

ఈ ఆట ఆడితే బరువు తగ్గిపోతారనీ, మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయనీ నేను చెప్పను. గంటసేపు ఆరుబయట నాలుగడుగులు వేస్తారు, వంగి లేస్తారు, నవ్వుతారు. బుర్రకి పని చెబుతారు. ఎవరికోసమూ కాకుండా మీకోసం ఒక గంట గడుపుతారు. అది తక్కువేమీ కాదు.

ఆడపిల్లలున్న తల్లులకి ఇంకో మాట. పెద్దయ్యాక ఆట మానేయడం పిల్లలు ఎవరో చెబితే నేర్చుకోరు, మనల్ని చూసి నేర్చుకుంటారు. అమ్మ ఎప్పుడూ ఆడగా చూడని పిల్లకి, ఆట వయసుతో పాటు వదిలేసేదనే తోస్తుంది. అమ్మ చీరకొంగు దోపుకుని మేలెట్ పట్టడం చూసిన పిల్ల పదమూడో ఏట ఆట ఎందుకు మానేస్తుంది?

మీ బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే ఒకసారి అడిగి చూడండి. మహిళా మండలి ఉంటే అక్కడ కదపండి. ఆరు హూప్‌లూ ఒకేసారి అక్కర్లేదు. రెండు ఇటుకలు నిలబెట్టి, ఒక బంతి పెట్టి, పిల్లని పిలిచి "నువ్వు ముందు కొడతావా, నన్ను కొట్టమంటావా?" అని అడగండి. మిగతాది ఆటే చూసుకుంటుంది.